గజం ఎంత పలుకుతోంది?



మన భాషలో ధర పలుకుతుంది. పెళ్లిపందిట్లోనైనా ఆఫీసు క్యాంటీన్లోనైనా నలుగురు కూర్చున్న చోట "అక్కడ గజం ఎంత పలుకుతోంది?" అనే మాట రాక మానదు. "అక్కడ గజం ఎంత చేస్తుంది?" అని అడగడం మాత్రం తక్కువ. ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావు. మొదటిదానికి జవాబు ఏజెంటు దగ్గరా, పేపరు ప్రకటనలోనూ, నిన్న ఫ్లాటు కొన్న సహోద్యోగి నోటా సిద్ధంగా దొరుకుతుంది. రెండోదానికి జవాబు ఎవరికి వారు కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేసుకోవలసిందే. ఒక మధ్యతరగతి కుటుంబం తన జీవితంలో చేసే అతి పెద్ద కొనుగోలు ఇల్లు. ఇరవై ఏళ్ల జీతాన్ని ముందే రాసిచ్చే ఒప్పందం అది. అంతటి నిర్ణయాన్ని మొదటి ప్రశ్నకు దొరికిన జవాబు మీదే ఆనించి తీసుకోవడం నన్ను చాలా కలవరపెట్టే విషయం. అందుకే ఒక పేటలో ఇళ్ల ధర న్యాయంగా ఉందో లేదో తేల్చడం ఎలాగో ఈ ప్రసంగంలో చర్చిస్తాను. ఉదాహరణకు హైదరాబాదు పడమటి దిక్కును, అంటే కోకాపేట, నార్సింగి, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాన్ని తీసుకుంటాను. నేను చెప్పదలచినది ఒక్కటే. పేట ధరకు నమ్మదగిన సాక్షి ఆ పేటలో నడిచే అద్దె, ఆ అద్దె కట్టే జీతం. పక్క వీధిలో పలికిన ధర గానీ, వేలంలో పలికిన రికార్డు గానీ ఆ సాక్ష్యానికి సాటిరావు.

ముందుగా ధర అనే మాటనే విడదీసి చూడాలి. ఒకే ఫ్లాటుకు మనదగ్గర మూడు ధరలుంటాయి. అమ్మేవాళ్లు చెప్పేది పలికే ధర. బేరసారాలు అయ్యాక కుదిరేది తెగిన ధర. దస్తావేజులో ఎక్కేది రిజిస్టరైన ధర. పలికే ధర అందరికీ తెలుస్తుంది. తెగిన ధర కొనే, అమ్మే ఇద్దరికీ, మహా అయితే మధ్యవర్తికీ తెలుస్తుంది. రిజిస్టరైన ధర ప్రభుత్వ రికార్డులో ఉంటుంది గనుక అదే నిజమని అనిపిస్తుంది. అయితే ఆ అంకె ఎలా పుడుతుందో గమనించండి. రిజిస్ట్రేషన్ శాఖ ప్రతి ప్రాంతానికీ ఒక మార్కెట్ విలువ నిర్ణయిస్తుంది. తెలంగాణలో ఎనిమిదేళ్లపాటు మారని ఆ విలువలను 2021 జులైలో పెంచారు, 2022 ఫిబ్రవరిలో మరోసారి పెంచారు. ప్రభుత్వ విలువ కంటే 10 శాతానికి మించి తక్కువ చూపితే, ఆ తేడా మీద అమ్మినవాళ్లకూ కొన్నవాళ్లకూ ఆదాయపన్ను పడుతుంది. స్థిరాస్తి బేరాల్లో 20,000 రూపాయలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదని 2015 నుంచి చట్టం ఉంది. అయినా నగదు చేతులు మారే చోట దస్తావేజు ధర ప్రభుత్వ విలువ దగ్గర ఆగిపోతుంది. బ్యాంకు అప్పు పెద్దదిగా ఉన్న చోట అదే దస్తావేజు అసలు ధర దాకా ఎక్కుతుంది. అంటే ఒకే అపార్ట్‌మెంటులో, ఒకే నెలలో, ఒకే ధరకు తెగిన రెండు ఫ్లాట్లు రికార్డులో రెండు వేరే ధరలుగా కనిపించవచ్చు. దానిలోంచి సగటు తీసి ఇదీ ఈ పేట ధర అంటే, కొలబద్దే వంకరగా ఉన్నట్టు.

కొలతలో ఇంకో చిక్కు కూడా ఉంది. దాన్ని క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఫ్లాటును కార్పెట్ ఏరియా లెక్కన, అంటే గోడల లోపల మనం నిజంగా వాడుకునే వైశాల్యం లెక్కన చెప్పాలి. వాడుకలో మాత్రం ఇప్పటికీ మెట్లు, లిఫ్టు, కారిడార్లలో వాటా కలిపిన చదరపు అడుగు లెక్కే నడుస్తోంది. ఆ వాటా ఒక ప్రాజెక్టులో ఎక్కువ, మరో ప్రాజెక్టులో తక్కువ. కాబట్టి పక్కపక్క ప్రాజెక్టుల చదరపు అడుగు రేట్లను నేరుగా పోల్చడం కుదరదు. కార్పెట్ ఏరియాతో మొత్తం డబ్బును భాగించాకే పోలిక మొదలవుతుంది.

ఇక వేలాల సంగతి. పడమటి హైదరాబాదులో ఇళ్ల ధరల గురించి ఎవరు మాట్లాడినా కోకాపేటలోని నియోపొలిస్ లేఅవుట్ వేలం ప్రస్తావన వస్తుంది. 2023 ఆగస్టులో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ అక్కడ 45 ఎకరాల పైచిలుకు భూమిని వేలం వేసింది. ఎకరానికి కనీస ధర 35 కోట్లు. ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షల దాకా పలికింది. ఆ మర్నాటి నుంచి "ఎకరం వంద కోట్లు" అన్నది ఆ ప్రాంతానికి ఇంటిపేరైపోయింది. నిజానికి ఆ రోజు మొత్తం రాబడి సుమారు 3,320 కోట్లు, అంటే సగటున ఎకరం 73 కోట్లు. రికార్డుకూ సగటుకూ మధ్య 27 కోట్ల తేడా ఉంది. ఒకే రోజు, ఒకే లేఅవుట్‌లో ఇంత తేడా ఉన్నా, రికార్డు అంకె మాత్రమే జనం నోళ్లలో నిలిచింది, సగటు మరుగున పడింది. ఆ తరువాత ఆ చుట్టుపక్కల పాత కాలనీల్లో రెండు వందల గజాల ప్లాటు అమ్మేవాళ్లు కూడా ఆ రికార్డునే చూపించసాగారు. ఎకరానికి 4,840 గజాలు గనుక, 100 కోట్ల 75 లక్షలంటే గజం 2 లక్షల 8 వేలు. "వేలంలో రెండు లక్షలు పలికితే మన ప్లాటు లక్షన్నరకైనా పోదా?" అన్నది వాళ్ల తర్కం. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ ఆ రెండు గజాలూ ఒకటి కావు.

ఎందుకు కావో చెప్పడానికి ఒక లెక్క చాలు. వేలంలో కొన్న ఎకరంలో ఆకాశహర్మ్యాలు లేస్తాయి. ఎకరానికి 4 లక్షల చదరపు అడుగులు కడతారనుకుందాం. ఎకరం వంద కోట్లయితే చదరపు అడుగుకు పడే భూమి ఖర్చు 2,500 రూపాయలు. అదే ఎకరంలో లక్ష చదరపు అడుగులే కట్టగలిగితే భూమి ఖర్చు 10,000 రూపాయలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లోనే స్థలానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలనే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని హైదరాబాదులో తొలగించారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం, అగ్నిమాపక అనుమతులు ఇవే ఎత్తును నిర్ణయిస్తాయి. కనుక వంద అడుగుల రోడ్డు మీది పెద్ద స్థలానికీ, ముప్పై అడుగుల రోడ్డు మీది చిన్న ప్లాటుకూ గజం ధరలో పోలికే లేదు. మొదటి చోట గజం అంటే నలభై అంతస్తుల హక్కు, రెండో చోట నాలుగైదు అంతస్తుల హక్కు. ఒకదాని రేటు తెచ్చి రెండోదానికి కట్టడం వల్లే కాలనీల్లో ధరలు అర్థం లేకుండా ఎగిశాయని నా అభిప్రాయం. ఇంకో సంగతి. "స్థలం ఇంత పెట్టి కొన్నాం గనుక ఫ్లాటు ఇంతకు అమ్మక తప్పదు" అని బిల్డర్లు అంటారు. డేవిడ్ రికార్డో అనే ఆర్థికవేత్త 1817లోనే ఈ వాదాన్ని తలకిందులు చేశాడు. భూమికి కౌలు ఎక్కువ గనుక ధాన్యం ధర పెరగదనీ, ధాన్యం ధర ఎక్కువ గనుకనే కౌలు పెరుగుతుందనీ ఆయన చూపించాడు. ఇక్కడా అంతే. ఫ్లాటు ఇంతకు అమ్ముడుపోతుందని ఎదురుచూసి బిల్డరు వేలం పాడాడు. ఆ ఎదురుచూపు తప్పితే నష్టపోవలసింది వేలం పాడినవాళ్లే. కొనేవాళ్లు దాన్ని భర్తీ చేయాలన్న నియమం ఎక్కడా లేదు.

ఎదురుచూపు ఒక్కటే ధరను ఎంత దూరం మోసుకుపోగలదో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అమరావతిని చూశాం. 2014 చివర్లో రాజధాని ప్రకటన రాగానే కృష్ణా తీరంలోని ఆ పల్లెల్లో భూముల ధరలు ఎన్నో రెట్లయ్యాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కూలిపోయాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే మళ్లీ లేచాయి. ఈ పదేళ్లలో అక్కడి నేల మారలేదు, నది మారలేదు. ఆ భూమి వాడకానికి అద్దె కట్టేవాళ్ల సంఖ్య కూడా ధర ఊగినంతగా ఊగలేదు. మారిందల్లా రాబోయే రోజుల గురించి జనం ఊహ. అలాంటి చోట పక్క పొలం ధరను చూసి మన పొలం ధర న్యాయమైనదని చెప్పడం ఎలా? పక్క పొలం ధర కూడా అదే ఊహ నుంచి పుట్టింది. ఒకే పుకారు విన్న పదిమందిని సాక్షులుగా పిలిస్తే పది సాక్ష్యాలు రావు. వచ్చేది ఒక్కటే.

అద్దె అలాంటిది కాదు. అద్దెకుండేవాళ్లు రేపటి ధర గురించి డబ్బు కట్టరు. ఈ నెల ఇంట్లో ఉన్నందుకు, ఆఫీసు దగ్గరైనందుకు, పిల్లల బడి పక్కనే ఉన్నందుకు, కుళాయిలో నీళ్లు వస్తున్నందుకు కడతారు. ఆ సౌకర్యాలు నిజంగా ఉంటేనే అద్దె నిలుస్తుంది. లేకపోతే రెండు నెలల్లో సామాను సర్దుకుని వెళ్లిపోతారు. అప్పు చేసి అద్దె కట్టేవాళ్లు అరుదు. అది నెల జీతంలోంచి రావలసిందే. కాబట్టి పేట ఇవాళ ఇచ్చే ఉపయోగానికి అద్దె అసలైన కొలత. "కానీ ఇక్కడ కొనేది అమెరికా డబ్బు, దానికి ఇక్కడి జీతంతో పనేమిటి?" అని కొందరంటారు. అందులో నిజం ఉంది. 2011 ఆరంభంలో డాలరు 45 రూపాయల చుట్టూ ఉంటే 2023 నాటికి 82 దాటింది. రూపాయల్లో ధర ఎనభై శాతం పెరిగినా డాలర్లలో చూసేవాళ్లకు దాదాపు పాత ధరే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబానికి గచ్చిబౌలి ఫ్లాటు చవకగా కనబడడంలో ఆశ్చర్యం లేదు. అయితే కొన్నవాళ్లు అక్కడ ఉంటారు, ఫ్లాటు ఇక్కడ ఉంటుంది. దాన్ని ఎవరికో అద్దెకివ్వాలి. ఆ అద్దె కట్టేది ఇక్కడి ఆఫీసులో పనిచేసే ఉద్యోగి. ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరే పిల్లల జీతం ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే పదేళ్లకు పైగా నిలిచిపోయిందని ఆ రంగంలో అందరికీ తెలుసు. ఏ దేశం డబ్బు వచ్చినా చివరకు అది ఈ జీతం ముందు నిలబడి తన విలువ రుజువు చేసుకోవలసిందే.

ఇప్పుడు లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ పేట అంకెలు మీరు పెట్టుకోండి. ఫ్లాటు ధర కోటిన్నర, దాని అద్దె నెలకు 40,000 అనుకుందాం. ఏడాదికి 4 లక్షల 80 వేలు. ధరను దీనితో భాగిస్తే 31. అంటే 31 ఏళ్ల అద్దెను ఒకేసారి కడుతున్నారన్నమాట. ఒక నెల ఖాళీగా ఉండడం, ఇంటిపన్ను, రంగులు, మరమ్మతులు తీసేస్తే ఇంటి యజమానికి 4 లక్షల చిల్లర మిగులుతుంది. పెట్టిన డబ్బు మీద అది 2.7 శాతం. బ్యాంకు డిపాజిట్ కూడా దీనికంటే ఎక్కువే ఇస్తుంది. ఇక అప్పు వైపు చూడండి. 75 లక్షలు దాటిన గృహరుణాలకు ఇంటి విలువలో 75 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. కోటిన్నరకు కోటీ 12 లక్షల 50 వేలు వస్తాయి. 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు నెల వాయిదా సుమారు 97,600. చేతి నుంచి పెట్టవలసింది 37 లక్షల 50 వేలు. పూర్తి ధరకు రిజిస్టర్ చేయిస్తే 7.5 శాతం స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు 11 లక్షల పాతిక వేలు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటయితే 5 శాతం జీఎస్టీ మరో 7 లక్షల 50 వేలు. మొత్తం 56 లక్షల పైన. అద్దెకుంటే 40,000తో గడిచే నెలకు, కొనుక్కుంటే లక్ష దగ్గర పడుతోంది. ఆ పైన అరకోటికి పైగా పొదుపు ఖర్చవుతోంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. "ఇల్లు ఏటేటా పెరుగుతుంది కదా, ఆ పెరుగుదల ఈ తేడాను పూడుస్తుంది" అంటారు. సరే, ఎంత పెరగాలో చూద్దాం. వడ్డీ 8.5, అద్దె రాబడి 2.7. తేడా దాదాపు 6 శాతం. ఏటా 6 శాతం చొప్పున ఇరవై ఏళ్లు పెరిగితే ధర 3.2 రెట్లవుతుంది. కోటిన్నర ఫ్లాటు 4 కోట్ల 80 లక్షలు కావాలి. అద్దె కూడా అదే దామాషాలో నడవాలంటే నెలకు 1,28,000 కావాలి. గమనించండి, అప్పటికి ఆ ఫ్లాటు ఇరవై ఏళ్ల పాతది. లిఫ్టులు మార్చాల్సి ఉంటుంది, గొట్టాలు తుప్పు పడతాయి, ఎదురుగా కొత్త టవర్లు లేస్తాయి. ఆ పాత ఫ్లాటుకు నెలకు లక్షా పాతిక వేలు కట్టే కుటుంబాలు ఆ పేటలో వేలసంఖ్యలో ఉండాలి. దేశంలో ఆదాయాలు పెరుగుతున్నాయి, నిజమే. రూపాయల్లో చూస్తే ఆరు శాతం కంటే వేగంగానే పెరుగుతున్నాయి. అయితే పెరిగేది భూమి విలువ, కట్టడం విలువ ఏటా తరుగుతూనే ఉంటుంది. ఇక్కడే నలభై అంతస్తుల టవరు అసలు రహస్యం ఉంది. ఎకరంలో 4 లక్షల చదరపు అడుగులు కడితే 2,000 చదరపు అడుగుల ఫ్లాట్లు 200 వస్తాయి. ఒక్కో ఫ్లాటుకు భూమిలో అవిభాజ్య వాటా 24 గజాలు. అమీర్‌పేటలోనో మలక్‌పేటలోనో ఉన్న పాత ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో దీని సగం వైశాల్యమున్న ఫ్లాటుకు కూడా తరచు ఇంతకంటే ఎక్కువ వాటా ఉంటుంది. పాత తరం "భూమి మీద పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు" అన్నది భూమిని చూసి. టవరు ఫ్లాటులో మనం కొనేది ఎక్కువ భాగం కాంక్రీటు, లిఫ్టు, క్లబ్‌హౌస్. భూమి పెరిగిన వేగం ఫ్లాటుకూ వర్తిస్తుందని అనుకోవడం పొరపాటు.

భూమే అయినా ఎప్పుడూ పెరుగుతుందా? ఆమ్‌స్టర్‌డామ్‌లో హేరెన్‌గ్రాఖ్ట్ అని ఒక కాలువ ఉంది. పదిహేడో శతాబ్దం నుంచి ఆ నగరంలో అత్యంత గౌరవప్రదమైన చిరునామాల్లో అదొకటి. పీట్ ఐక్‌హోల్ట్జ్ అనే పరిశోధకుడు ఆ కాలువ గట్టున ఉన్న ఇళ్లు 1628 నుంచి 1973 దాకా ఎంతకు అమ్ముడుపోయాయో దస్తావేజులు తిరగేసి సూచీ తయారుచేశాడు. కరెన్సీ విలువ తగ్గుదలను తీసేసి చూస్తే ఆ మూడున్నర శతాబ్దాల్లో ఇళ్ల విలువ సుమారు రెట్టింపయింది, అంతే. మధ్యలో యుద్ధాలకు, వ్యాపార మాంద్యాలకు దశాబ్దాల తరబడి పడిపోవడం, తిరిగి లేవడం జరిగాయి. జపాను మహానగరాల్లో 1991లో శిఖరానికి చేరిన భూముల ధరలు ఆ తరువాత పదేళ్లకు పైగా ఏటా తగ్గుతూ వచ్చాయి. టోక్యోలో జనం లేక కాదు, భూమి మిగిలిపోయి కాదు. ధర ముందుకు పరుగెత్తింది, అద్దె, జీతం దాని వెంట పరుగెత్తలేకపోయాయి. ఇవి విన్నాక "అవి విదేశాలు, మనది పెరుగుతున్న నగరం" అనవచ్చు. పెరిగే నగరమే. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం 1998లో తెరుచుకున్నప్పుడు చుట్టూ రాళ్లగుట్టలే. అప్పుడు అక్కడ కొన్నవాళ్లు లాభపడ్డారు. వాళ్లు కొన్నది ఎవరూ నమ్మని రోజుల్లో, ఆ ధరలో. ఇవాళ ఆ నమ్మకమంతా ధరలో కలిసిపోయి ఉంది. పెరుగుదలను అమ్మినవాళ్లు ముందే పుచ్చుకున్నాక, కొన్నవాళ్లకు మిగిలేది ఎంత?

నా వాదానికి ఎదురు నిలిచే గట్టి సాక్ష్యం ఒకటుంది, దాన్ని దాచను. 2021 జులైలో కోకాపేటలో వేలం జరిగినప్పుడు కోవిడ్ వల్ల ఐటీ ఆఫీసులు ఖాళీగా ఉన్నాయి. ఉద్యోగులు సొంత ఊళ్ల నుంచి పనిచేస్తున్నారు. గచ్చిబౌలి, కొండాపూర్ హాస్టళ్లు మూతపడ్డాయి, ఇళ్ల గేట్లకు టు-లెట్ బోర్డులు నెలల తరబడి వేలాడాయి. అద్దె అనే సాక్షి ఆ రోజు "ధర తగ్గాలి" అనే చెప్పింది. అయినా ఎకరం 60 కోట్ల దాకా పలికింది. మరి ఏం జరిగింది? ఏడాది తిరగకముందే ఆఫీసులు తెరుచుకున్నాయి, అద్దెలు ఒక్కసారిగా ఎగిశాయి. పాట పాడినవాళ్లు గెలిచారు, అద్దెను నమ్మినవాళ్లు అవకాశం పోగొట్టుకున్నారు. ఇది నిజం. ఒక్క ఏడాది అద్దెను చూసి తీర్పు చెప్పకూడదని దీని నుంచి నేర్చుకోవాలి. నాలుగైదేళ్ల అద్దె నడకను చూడాలి, ఆ అద్దె వెనకున్న ఉద్యోగాలు ఒకే రంగానివా, పలు రంగాలవా అని చూడాలి. అంతకంటే ముఖ్యం, పెద్ద బిల్డరు పందెం, కుటుంబం పందెం ఒకటి కావు. బిల్డరు ఒక ప్రాజెక్టులో నష్టపోయి మరోదానిలో పూడ్చుకోగలడు. జీతం మీద బతికే కుటుంబానికి ఒకటే ప్రాజెక్టు, ఒకటే జీతం. పైగా ఉద్యోగమూ, ఇల్లూ ఒకే ఐటీ రంగం మీద ఆధారపడి ఉంటాయి. ఆ రంగం తుమ్మితే రెండింటికీ ఒకేసారి జలుబు చేస్తుంది.

ఇంకొకరు అంటారు, ఇల్లు లెక్కల పుస్తకం కాదని. సొంత ఇంట్లో మేకు కొట్టుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. పదకొండు నెలలకోసారి అద్దె పెంచమనీ, ఖాళీ చేయమనీ చెప్పేవాళ్లుండరు. కులం, తిండి అలవాటు, ఒంటరి ఆడవాళ్లా కాదా అని ఆరా తీసే ఇంటి ఓనర్ల ముందు నిలబడవలసిన అవమానం ఉండదు. ఈ మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ నిశ్చింతకు విలువ ఉంది, దానికోసం డబ్బు పెట్టడం అవివేకం కాదు. నేను కోరేది ఆ నిశ్చింతకు ఎంత కడుతున్నామో తెలుసుకుని కట్టమనే. పై ఉదాహరణలో వాయిదాకూ అద్దెకూ తేడా నెలకు 57,600. అందులో కొంత అసలులోకి పోతుంది, నిజమే. కానీ మొదటి ఏళ్లలో వాయిదాలో ముప్పాతిక పైగా వడ్డీయే. నిశ్చింత ఖరీదు అంత అని తెలిశాక కూడా కొంటానంటే అది ఆ కుటుంబం ఇష్టం. తెలియకుండా, "ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ కొనలేం" అనే భయంతో కొంటే ఆ భయానికి కూడా ధర కట్టినట్టే. పైగా నిశ్చింత నల్లగండ్లలోనూ దొరుకుతుంది, మియాపూర్‌లోనూ దొరుకుతుంది. రెండు పేటలకూ ఎన్నేళ్ల అద్దె పడుతోందో పక్కపక్కన రాసుకోండి. ఒకచోట 25, ఇంకోచోట 40 వస్తే, ఆ అదనపు పదిహేనేళ్ల అద్దె దేనికి కడుతున్నామో చెప్పగలగాలి. మనదేశంలో అద్దెలు ఎక్కడైనా తక్కువే గనుక ఈ కొలత పనికిరాదనేవాళ్లకు కూడా ఇదే జవాబు. విదేశాలతో పోల్చనక్కర్లేదు, పక్క పేటతో, అదే పేట పదేళ్ల కిందటి లెక్కతో పోల్చితే చాలు.

"కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఇష్టపడి కుదుర్చుకున్నదే న్యాయమైన ధర, మధ్యలో మీ తీర్పెందుకు?" అన్నది చివరి అభ్యంతరం. ఇద్దరికీ ఒకే సమాచారం ఉన్నప్పుడు ఆ మాట నిలబడుతుంది. ఇక్కడ ఉందా? దక్కను పీఠభూమి మీద హైదరాబాదుకు ముంబైలాగా సముద్రం అడ్డు లేదు, నాలుగు దిక్కులా భూమి ఉంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, కట్టడానికి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు. ఇళ్లకు కొరత పుట్టవలసిన కారణాలు ఇక్కడ తక్కువ. అయినా ధరలు పెరిగాయంటే, ఉద్యోగాలన్నీ ఒకే మూల పోగుపడడమూ, అనుమతుల చుట్టూ అల్లుకున్న ఊహాగానాలూ పెద్ద కారణాలు. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలను పరిమితం చేసింది. దాన్ని ఎత్తేస్తారన్న మాట వినబడినప్పుడల్లా అక్కడి భూముల ధరలకు రెక్కలొచ్చాయి. 2022లో ఆ ఆంక్షలు సడలిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ ధరలో భూమి ఎంత, జీవో ఎంత? కోకాపేటలో రోడ్లు వేసింది, జోను నిర్ణయించింది, వేలం వేసింది ప్రభుత్వ సంస్థే. అమ్మే భూమికి ఎక్కువ ధర రావాలనే కోరిక, ప్రజలకు ఇల్లు అందుబాటులో ఉండాలనే బాధ్యత ఒకే చేతిలో ఉన్నప్పుడు ఏది గెలుస్తుందో వేలం మర్నాటి సంబరమే చెబుతుంది.

ఇక్కడ న్యాయం అనే మాటకు రెండో అర్థం కూడా ఎదురవుతుంది. కొనేవాళ్లు మోసపోకపోవడం ఒక న్యాయం. ఆ పేటను నిలబెట్టేవాళ్లకు ఆ పేటలో చోటుండడం ఇంకో న్యాయం. కోకాపేట గజానికి విలువ తెచ్చింది ఆ గజం యజమాని కాదు. ప్రజల డబ్బుతో వేసిన రింగ్ రోడ్డు, వంద కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి పైపుల్లో వచ్చే కృష్ణా, గోదావరి నీళ్లు, లక్షలమంది ఉద్యోగుల రాకపోకలు తెచ్చాయి. హెన్రీ జార్జ్ 1879లో రాసిన పుస్తకంలో ఎత్తిచూపినది ఇదే, సమాజం సృష్టించిన భూమి విలువ ఒక్కరి జేబులోకి పోవడం. ఆ టవర్లలో వంటచేసేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, పక్క ఆసుపత్రిలో నర్సులు, బళ్లో టీచర్లు రోజూ రెండు బస్సులు మారి అక్కడికి వస్తున్నారు. పేట పనికి వాళ్లు కావాలి, పేట అద్దెకు వాళ్లు సరిపోరు. వాళ్ల జీతంలో మూడోవంతుతో గంట ప్రయాణం లోపల ఒక గది దొరకని పేటలో ధర ఎంత నిజాయితీగా తెగినా నేను దాన్ని న్యాయమైన ధర అనలేను.

ఇంత చెప్పాక ఒక ఇబ్బంది మిగిలింది. నేను సాక్షిగా నిలబెట్టిన అద్దెకే మనదగ్గర రికార్డు లేదు. ఏడాది మించిన లీజును రిజిస్టర్ చేయాలని 1908 నాటి చట్టం చెబుతుంది గనుక, అందరూ పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని బీరువాలో పెట్టుకుంటారు. నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ ఇళ్ల మీద వేసే ఆస్తిపన్నుకు అద్దె విలువే ఆధారమైనా, ఆ లెక్కలోని అద్దెకూ గేటు దగ్గర చెప్పే అద్దెకూ పొంతన లేదు. ఆంధ్రప్రదేశ్ అయితే 2021 నుంచి అద్దె ఆధారాన్ని వదిలి, ఆస్తి మూలధన విలువ మీదికి మారింది. అంటే పన్ను వేసేవాళ్ల కాగితాల్లోంచి కూడా అద్దె తప్పుకుంటోంది. రిజిస్ట్రేషన్ శాఖ నామమాత్రపు రుసుముతో, ఇంటి నుంచే అద్దె ఒప్పందాన్ని నమోదు చేసుకునే వీలు కల్పించి, పేర్లూ ఇంటి నంబర్లూ లేకుండా కాలనీవారీగా ఆ అంకెలను మూడు నెలలకోసారి ప్రకటించవచ్చు. అమ్మకాల విలువలను వెబ్‌సైటులో పెట్టగలిగిన శాఖకు ఇది చేయలేని పని కాదు. అప్పుడు ఫ్లాటు చూడబోయే కుటుంబం చేతిలో, ఏజెంటు చెప్పే అంకె పక్కన ఇంకో అంకె ఉంటుంది. ప్రస్తుతానికి ఆ రెండో అంకె కోసం వాళ్లు ఆదివారం పూట ఆ వీధుల్లో తిరిగి, గేట్లకు వేలాడే టు-లెట్ బోర్డుల మీది నంబర్లకు ఒక్కొక్కదానికీ ఫోన్ చేసి అడగవలసి ఉంటుంది.